మామగారి ఫోల్డరు

నాకు కుదురు తక్కువ. మాది మామిడికుదురు. ఊరి పేరులో ఉన్న కుదురు మనిషిలో లేదని మా ఆవిడ పెళ్ళయిన కొత్తలోనే తేల్చేసింది. కుర్చీలో కూర్చుంటే కాలు ఊపుతాను. ఫోను వస్తే వరండా ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తిరుగుతూ మాట్లాడతాను. అన్నం మధ్యలో లేచి వెళ్ళి కిటికీలోంచి వీధిలోకి చూసొస్తాను. ఏం చూసొచ్చారని అడిగితే చెప్పడానికేమీ ఉండదు. ఇలాంటివాడికి రోజంతా కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం ఎలా దొరికిందో నాకే తెలియదు.

పదో తరగతి దాకా తెలుగు మీడియం. ప్రోగ్రాములు రాయడం తొందరగానే పట్టుబడింది గాని ఇంగ్లీషు స్పెల్లింగులు మాత్రం ఈనాటికీ చేతికి చిక్కలేదు. కంప్యూటరుకు నా తప్పులతో పేచీ లేదు. ఒక పేరు తప్పుగా పెట్టి చివరిదాకా అదే తప్పు రాస్తే అది బుద్ధిగా పని చేసుకుపోతుంది. పేచీ అంతా మనుషులతోనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఫంక్షనుకు, అంటే ప్రోగ్రాంలో ఒక పని చేసిపెట్టే కోడు ముక్కకు, పేరు పెడుతూ ఒక అక్షరం మింగేశాను. అప్పుడెవరూ చూడలేదు. తరవాత ఆ ఫంక్షను మీద ఆధారపడి తలా ఒక చోట బోలెడు కోడు రాశారు. ఇప్పుడు దాన్ని సరిచేస్తే ఎక్కడెక్కడో కూలుతుంది. అందుకని అలాగే ఉంచేశారు. కొత్తగా చేరే పిల్లలు కూడా నా తప్పునే శ్రద్ధగా నేర్చుకుని రాస్తున్నారు. అది కనబడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ మంట పడలేక వెతుక్కుంటే దొరికింది ఈ స్పెల్లింగు ప్రోగ్రాం. దీనికి బటన్లూ బొమ్మలూ ఏమీ ఉండవు. నల్లటి తెర మీద దాని పేరు టైపు చేసి ఎంటర్ కొట్టాలి, అంతే. మనం ఏ ఫోల్డర్లో ఉంటే అందులోని కోడు ఫైళ్ళూ, మామూలు రాతల ఫైళ్ళూ అన్నీ గబగబా చదివేస్తుంది. తప్పు కనబడితే ఫైలు పేరు, ఎన్నో లైను, తప్పు మాట, ఒక బాణం గుర్తు, పక్కన ఒప్పు మాట, ఇలా వరసగా పేర్చి పెడుతుంది. కావాలంటే ఒక్కోదానికీ మనల్ని అడిగి మారుస్తుంది. అడగక్కర్లేదు, నువ్వే మార్చెయ్యి అంటే మార్చేస్తుంది. తప్పులేమీ లేకపోతే ఒక్క మాట కూడా అనదు.

దీనికి ఇంగ్లీషంతా రాదు. తనకు తెలియని ప్రతి మాటనీ తప్పనే రకం కాదు. మా ఊళ్ళ పేర్లు, ఇంటిపేర్లు, కోడులో మేము పెట్టే వింత పేర్లు, వీటి జోలికి దాదాపుగా రాదు. లోకంలో జనం మామూలుగా ఏ మాటలు తప్పు రాస్తుంటారో అవన్నీ పోగేసి దానికి అప్పగించారు. అంటే అది ఒప్పులు చదువుకున్నది కాదు, తప్పులు చదువుకున్నది. అందుకే కాబోలు నాకు దాంతో స్నేహం కుదిరింది. పని పూర్తయ్యాక ఒకసారి నడిపితే చాలు. నేను ఊరుకోను. నడిపి, లేచి మంచినీళ్ళు తాగి, వచ్చి మళ్ళీ నడుపుతాను. మధ్యలో ఎవరూ ఆ ఫైలు ముట్టుకోలేదని నాకు తెలుసు. అయినా సరే.

మా ఆవిడ అమలాపురంలో డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఇంటి నుంచే పని చెయ్యొచ్చని మా కంపెనీ ఒప్పుకున్నాక నేను హైదరాబాదులో గది ఖాళీ చేసి మామగారింట్లో దిగాను. ఇల్లరికం అన్నమాట. ఆ మాట ఇంట్లో ఎవరూ అనరు, వీధిలో అందరూ అంటారు. అత్తగారు మా పెళ్ళికి ముందే పోయారు. ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే.

మామగారు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. నా తలరాత ఎలాంటిదో చూడండి, ఇంగ్లీషుకు భయపడి పారిపోయినవాణ్ణి వెళ్ళి వెళ్ళి ఇంగ్లీషు మాస్టారింట్లో పడ్డాను. ఆయన పెళ్ళికార్డు వస్తే ముహూర్తం చూడరు, ముందు స్పెల్లింగులు చూస్తారు. హోటలుకు వెళ్తే మెనూ కార్డు దిద్ది సర్వరు చేతికిస్తారు. ఊళ్ళో ఆయనకి అదొక గౌరవం. మస్కట్ వెళ్ళే డ్రైవరు, కువైట్ వెళ్ళే నర్సు, కూతురి పెళ్ళికార్డు ఇంగ్లీషులో కూడా కొట్టించాలనుకునే తండ్రి, ఎవరికి ఇంగ్లీషులో కాగితం కావాలన్నా మా వరండాలోకి వచ్చి కూర్చుంటారు. "మేస్టారు చూసేరంటే ఇంక తిరుగులేదండీ" అంటారు. ఆయన ఎవరి దగ్గరా ఏమీ తీసుకోరు. మరీ బలవంతం చేస్తే పనసపొట్టు మాత్రం పుచ్చుకుంటారు.

చేతిరాత వణుకుతోందని నా పాత లాప్‌టాప్ ఆయనకిచ్చాను. రెండు వేళ్ళతో టైపు చేయడం త్వరగానే నేర్చుకున్నారు. అయితే అందులో ఉత్తరాలు రాసే సాఫ్ట్‌వేరు ఆయనకి నచ్చలేదు. తప్పు అనుకున్న మాట కింద అది ఎర్రగీత గీస్తుంది. ఆయన రాసింది ఒప్పే అయినా మన ఊళ్ళ పేర్ల కింద గీసేస్తుంది.

"ఇదేంటండీ, నా వెనకాల ఎవరో నిలబడి వేలు పెట్టి చూపిస్తున్నట్టుంది. నేను ఎంతమందికి గీసేను ఎర్రగీతలు. ఇప్పుడు నాకు గీస్తుందా ఇది" అన్నారు.

అందుకని ఏ గీతలూ గీయని సాదా ఎడిటరు ఒకటి పెట్టిచ్చాను. అందులో రాసినవి టెక్స్టు ఫైళ్ళుగా నా కంప్యూటర్లోకి కూడా వచ్చేలా ఏర్పాటు చేశాను, ప్రింటరు నా గదిలో ఉంది కాబట్టి. ఆ ఫోల్డరుకి మామగారు అనే పేరు పెట్టాను. ఆయన వరండాలోంచి "అయ్యిందండీ" అని కేకేస్తే నేను ప్రింటు తీసి తెచ్చిస్తాను. రోజులో నేను హాయిగా కుర్చీలోంచి లేచేందుకు అదొక సాకు.

వానాకాలం మొదట్లో ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. మధ్యలో చేస్తున్న పని ఆగిపోయిందన్న చిరాకుతో నల్ల తెర మళ్ళీ తెరిచి, ఏ ఫోల్డర్లో ఉన్నానో చూసుకోకుండా నా అలవాటు కొద్దీ ఆ ప్రోగ్రాం పేరు కొట్టాను. మా కోడు బదులు మామగారి ఫోల్డరు చదివేసింది. గబగబా లైన్లు వచ్చి పడ్డాయి. ముందు దాన్నే తిట్టుకున్నాను, ఇంత పెద్దాయనకే వంకలు పెడుతున్నావా అని. తరవాత ఒక్కో ఫైలూ తెరిచి చూశాను. డిక్షనరీలో వెతికాను. ప్రోగ్రాం చెప్పిందే నిజం. ఒక చోట అక్షరం జారిపోయింది, ఇంకో చోట రెండు సార్లు పడింది, మరో చోట ముందుదీ వెనకదీ తారుమారయ్యాయి. పాత ఫైళ్ళలో ఒక్కటీ లేదు. అన్నీ ఈ మధ్య రాసినవాటిలోనే.

నిజం చెప్పాలంటే మొదట నాకు కాస్త సంతోషమేసింది. మాస్టారూ మనలాంటివారేనన్న సంతోషం. అది అరనిమిషం కూడా నిలవలేదు. రెండు వేళ్ళతో కొట్టేటప్పుడు వేలు జారిందేమో అనుకుందామంటే, ఒకే మాట ఒకే కాగితంలో మూడు రకాలుగా ఉంది. వేలు జారితే అలా ఉండదు. లేచి వరండాలోకి వెళ్ళాను. ఆయన పేపరు చదువుకుంటున్నారు. "ఏం కావాలండీ అల్లుడుగారూ" అన్నారు. "ఏం లేదండి, వాన పడుతుందేమో చూద్దామని" అన్నాను.

ఆ రోజు నుంచి ఆయన "అయ్యిందండీ" అనగానే ముందు ప్రోగ్రాం నడిపేవాణ్ణి, తరవాత ప్రింటు తీసేవాణ్ణి. మొదట్లో ఒక్కోదానికీ నన్ను అడిగి మార్చమన్నాను. తరవాత ఆ ఓపిక కూడా పోయింది. నువ్వే మార్చెయ్యి అన్నాను. ఎర్రగీత చూసి నొచ్చుకున్న మనిషికి ఏ గీతా కనబడకుండా వెనక నుంచి దిద్దుతున్నాను కదా, ఇందులో తప్పేముందని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి. మనసు సర్దుకునేది కాదు. ప్రింటరు గరగరమంటున్నంత సేపూ గదిలో పచార్లు చేసేవాణ్ణి.

మురమళ్ళ గుళ్ళో స్వామివారి కల్యాణానికి వచ్చేవాళ్ళకు గదులు అద్దెకిచ్చే ఆయన ఒకరున్నారు. నేను ఈ పని మొదలు పెట్టకముందు మామగారి చేత ఇంగ్లీషులో ఒక బోర్డు రాయించుకుని వెళ్ళారు. ఆయన ఒకరోజు వచ్చి, చెప్పులు విప్పి, చాలాసేపు వానల గురించి, కొబ్బరి గురించి మాట్లాడి, అప్పుడు ఫోనులో ఫోటో చూపించారు.

"ఏం లేదండి మేస్టారూ, ఫ్లెక్సీ కొట్టినవాడు ఇక్కడేదో తేడా చేసేడండి. బెంగుళూరు నుంచి వచ్చినవాళ్ళు ఫోటో తీసుకుని నవ్వుకున్నారండి. మీరు రాసింది ఓసారి చూపిస్తే వాణ్ణి గట్టిగా అడుగుదావని."

మామగారు ఫోటో చూసి, "ఆయ్, వీళ్ళు ఇంతేనండి. ఎదురుగా కాగితం పెట్టినా సరిగ్గా దించలేరు" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. ఫైల్లో ఆ మాట అచ్చం ఫ్లెక్సీ మీద ఉన్నట్టే ఉందని నాకు తెలుసు. "ఆ ఫైలు దొరకటం లేదండి, సరైనది నేను మళ్ళీ కొట్టిస్తాను" అన్నాను. ఆయన పాపం సరేనంటూ వెళ్ళిపోయారు. ఎవడో ఫ్లెక్సీ కుర్రాడు మా ఇంటి తప్పుకు తిట్లు తినబోతున్నాడు. నాకు ఆ పూట అన్నం సయించలేదు.

మా ఆవిడకు చెప్పాలి. ఆ సంగతి నాకు తెలుసు. ఇది స్పెల్లింగుల గొడవ కాదు, డాక్టరుకు చూపించాల్సిన గొడవ అని కూడా తెలుసు. ఇలాంటివాటికి మొదట్లోనే మందు పడితే మంచిదని విన్నాను. ఆలస్యం చేస్తున్నకొద్దీ ఆయనకే నష్టం. కానీ చెప్పేస్తే ఆ వరండా ఏమవుతుంది? రేపటి నుంచి కూతురే ఆయన కాగితాలు అనుమానంగా చూస్తుంది. ఆయనకి మిగిలింది ఆ మర్యాద ఒక్కటే. కాలేజీ నుంచి ఆవిడ రాగానే ఇవాళ చెప్పేద్దామనుకునేవాణ్ణి. ఆవిడ టీ కలుపుతుంటే వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, పంచదార డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసి వచ్చేసేవాణ్ణి.

ఒక సాయంత్రం ఆవిడే కదిపింది. "నాన్నగారు ఈ మధ్య పేపరు ఒకే పేజీ చాలాసేపు చదువుతున్నారండి. మీరు చూసేరా?"

"ఆయ్, కళ్ళజోడు మార్చాలేమో" అన్నాను.

ఆవిడ నా మొహం వంక చూసింది. "మీరెందుకండీ ఇవాళ ఇంతలా తిరుగుతున్నారు?" అంది. రోజూ తిరిగేవాణ్ణి కావడం ఆ పూటకి నన్ను కాపాడింది.

పి.గన్నవరం నుంచి ఒక నర్సమ్మాయి వచ్చింది. కువైట్‌లో ఉద్యోగానికి తను ఎక్కడెక్కడ ఎన్నేళ్ళు పని చేసిందో ఇంగ్లీషులో రాసి పంపాలి. మామగారు ఆ అమ్మాయిని కూర్చోబెట్టి వివరాలన్నీ అడిగి రాసుకుని, మర్నాడు రమ్మన్నారు. మర్నాడు పొద్దున్న టైపు చేసి "అయ్యిందండీ" అన్నారు. ఎప్పటిలాగే ప్రోగ్రాం నడిపాను. నాలుగు లైన్లు వచ్చాయి. మార్చెయ్యమన్నాను. ప్రింటు తీసి ఇచ్చి, గదిలోకి వెళ్ళబోతుంటే పిలిచారు.

"ఓసారి కూర్చోండి అల్లుడుగారూ."

కూర్చున్నాను. కాలు ఊగడం మొదలైంది.

"ఇది మీరు చదివే ప్రింటు తీసేరా?"

"ఆయ్, చదివేనండి."

"ఏవైనా కనబడ్డాయా?"

ఆ గొంతు బడి గొంతు. ఇంకో అబద్ధం ఆడదామన్నా నోరు రాలేదు. "చిన్న చిన్నవేవో ఉంటే సరిచేసేనండి" అని, తెర మీద చూసిన నాలుగూ ఎక్కడెక్కడున్నాయో చెప్పాను. ఆయన కాగితం వంక చూస్తూ విన్నారు.

"ఆ అమ్మాయి ఆసుపత్రిలో ఎప్పుడు చేరింది, ఎప్పుడు మానేసింది, అది చూసేరా?"

కాగితం తీసుకుని చూశాను. ఆ అమ్మాయి ఆసుపత్రిలో చేరడానికి మూడేళ్ళ ముందే అందులో మానేసింది. ఒక్కసారి చదివిన ఎవరికైనా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అందులో స్పెల్లింగు తప్పేమీ లేదు. అంకెలంతే.

"అది నేను కావాలని పెట్టేనండి" అన్నారు. "బళ్ళో ఉన్నప్పుడు బోర్డు మీద ఒక తప్పు కావాలని రాసేవాణ్ణి, పిల్లలు చదువుతున్నారో ఊరికే ఎక్కించుకుంటున్నారో తెలుస్తుందని. ఈ మధ్య నా కాగితాలు నేను రాసినదానికంటే శుభ్రంగా వస్తున్నాయనిపించింది. మీరు చదివి దిద్దుతున్నారేమో, మీ కన్ను ఎలాంటిదో చూద్దామని ఒక్కటి పెట్టేను." కాస్త ఆగి, "ఒక్కటేనండి పెట్టింది. మీరు చెప్పినవేవీ నేను పెట్టినవి కావు" అన్నారు.

అన్నాళ్ళూ నేను దాచిపెట్టిందాన్ని ఆయన పెట్టిన పరీక్షే ఆయన ముందు పెట్టేసింది. నేను చదవలేదని ఆయనకి తెలిసింది. ఆయన రాయలేకపోతున్నారని కూడా ఆయనకే తెలిసింది.

"మరి చదవకుండా ఎలా పట్టుకుంటున్నారండీ?" అన్నారు.

చెప్పాను. చూపించమన్నారు. నా గదిలోకి వచ్చి నా కుర్చీలో కూర్చున్నారు. మా వృత్తిలో ఏ ఫైలు మార్చినా పాతది పారెయ్యం, అలాగే దాచి ఉంచుతాం. ఆయన ఫైళ్ళకీ అదే చేశాను. "మొదట్నుంచీ నేను రాసిన పాతవాటి మీద నడపండి" అని నన్ను కాకుండా ఆ కంప్యూటరుతో అంటున్నట్టు అన్నారు. పోనీలెండి మావయ్యగారూ అన్నాను. వినలేదు. ఎంటర్ కొట్టాను. లైన్లు తెరంతా నిండి పైకి జరిగిపోయాయి. ఆయన కళ్ళజోడు సవరించుకుని పైనుంచి ఒక్కో లైనూ చదివారు. ఒక దగ్గర ఆగి, "ఇది ఆరో తరగతి పిల్లలు చేసే తప్పండి" అన్నారు. ఇంకో దగ్గర మురమళ్ళ బోర్డులోని మాట చూసి ఏదో గుర్తు తెచ్చుకున్నట్టు తల ఊపారు. నేను వెనక నిలబడి ఉన్నాను. ఆయన వెనకాల ఎవరూ నిలబడకూడదని కదా ఇదంతా చేశాను. కాళ్ళు కదలలేదు, అదొక్కసారీ.

"అమ్మాయికి చెప్పేరా?"

"లేదండి."

"నాకు చెప్పలేదు, దానికి చెప్పలేదు. మరెవరికి చెబుదావని ఉంచేరు?" గొంతులో కోపం లేదు. కోప్పడితే బాగుండుననిపించింది. "దిద్దిన కాగితం చేతికివ్వకపోతే తప్పుందని పిల్లాడికెలా తెలుస్తుందండీ? నేనూ అంతా బాగానే ఉందనుకున్నాను. ఆ ఫ్లెక్సీ కుర్రాణ్ణి పట్టుకుని అన్నేసి మాటలన్నాను."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఆయన చూసి, కుర్చీలోంచి లేచి, "కూర్చోండి, కూర్చోండి" అని నన్ను నా కుర్చీలో కూర్చోబెట్టారు. నర్సమ్మాయి కాగితంలో సంవత్సరాలు సరిచేయించారు. ఆ అమ్మాయి వచ్చాక కాగితం చేతికిస్తూ, "మా అల్లుడుగారు కూడా చూసేరమ్మా, అయినా నువ్వూ ఓసారి పూర్తిగా చదువుకుని పంపు" అన్నారు.

సాయంత్రం కూతురికి ఆయనే చెప్పారు. వంటింట్లో చాలాసేపు ఇద్దరి మాటలూ వినబడ్డాయి, తరవాత ఆవిడ ఒక్కర్తే ఏడవడం వినబడింది. గదిలోకి వచ్చి, "అందుకేనా అంత తిరుగుళ్ళు" అంది. తరవాత రెండు రోజులు నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. తిట్టినా పడేవాణ్ణి. కాకినాడలో నరాల డాక్టరు దగ్గర టైము తీసుకుంది, కాలేజీకి సెలవు పెట్టింది, పాత కళ్ళజోళ్ళ చీటీలు, మందుల చీటీలు అన్నీ ఒక సంచిలో సర్దింది.

వెళ్ళే రోజు పొద్దున్నే మామగారు తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. కారు వచ్చి వీధిలో ఆగింది. ఆయన రెండు వేళ్ళతో కొడుతూనే ఉన్నారు. నేను గుమ్మంలోకీ వీధిలోకీ తిరుగుతున్నాను. ఎట్టకేలకు "అయ్యిందండీ" అన్నారు.

"నాకు ఎప్పట్నుంచి ఎలా ఉందో డాక్టరుగారికి రాసేను. నోటితో అడిగితే అక్కడ గుర్తొస్తుందో రాదో. ప్రింటు తీయండి." నేను గదివైపు తిరగ్గానే మళ్ళీ పిలిచారు. "దీని మీద మాత్రం మీ ప్రోగ్రాం నడపకండి. డాక్టరుగారు ఇలాగే చూడాలి."

గదిలోకి వచ్చి ఫైలు తెరిచాను. వేళ్ళు వాటంతటవే నల్ల తెర వైపు పోతుంటే లాక్కున్నాను. ఆయన రాసింది మొదటిసారి మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఇంగ్లీషు పేపరు మధ్యలోకి వచ్చేసరికి మొదలు మర్చిపోతున్నానని రాశారు. నలభై ఏళ్ళు బోర్డు మీద రాసిన మాటలు చేతికి రావడం లేదని రాశారు. అమ్మాయి భయపడుతోంది, దానికి అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పమని డాక్టరుగారిని కోరారు. ప్రతి లైనులోనూ తప్పులున్నాయి. వాటిని పట్టుకోవడానికి నాకు ఏ ప్రోగ్రామూ అక్కర్లేకపోయింది. అన్నీ నాకు బాగా తెలిసినవే, బళ్ళో నేను చేసినవే. ఒక్క అక్షరం ముట్టుకోకుండా ప్రింటు కొట్టాను.